పెట్టెలు ఎత్తి పడేసే అక్క

లారీ ఆఫీసు అరుగు మీద నా పెట్టెలు దించుతూ ఒక హమాలీ చెప్పాడు, ఆమె పోయిందని.

“అన్నా, నీ తావ పని సేస్తాండె సూడు ఒక అక్క, పెట్టెలు ఎత్తి పడేసే అక్క. ఎమ్మిగనూర్లో పోయిందంట. పొద్దున కొళాయి కాడ నీళ్లు పట్టుకుంటా అట్లే ఒరిగిపోయిందంట. గుండె అంటాండారు.”

చెప్పి, భుజం మీద పెట్టెను దబ్బున కింద వదిలాడు. వదిలి, ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. ఆమె ఆదోని విడిచి ఏడేళ్లయింది. పోయిందన్న మాట వాడి నోటితోనే వచ్చింది. అయినా పెట్టె పడేసినప్పుడు ఆమె ఎటునుంచో వచ్చి చెవి మెలిపెడుతుందేమోనన్న భయం వాడికింకా పోలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె మీద కోర్టులో కేసు నడిచింది. ఊళ్లో కూతురు ఉంది. అక్క అంటే చాలు. నేను పిలిచింది కూడా అట్లాగే.

మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. మా నాన్న తరం దాకా మగ్గం ఆడింది. నా దాకా వచ్చేసరికి మగ్గం గుంతలో దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. ఆదోనికి వచ్చి, పత్తి మార్కెట్టు వెనక సందులో ఒక పాత గోడౌను తీసుకుని, పాత కుట్టుమిషన్ల వ్యాపారం మొదలుపెట్టాను. కౌతాళం, కోసిగి వైపు ఊళ్లలో తాతల నాటి చేతి మిషన్లు అటకల మీద పడి ఉంటాయి. నల్లటి ఒళ్లు, దాని మీద మాసిపోయిన బంగారు రంగు పూలతీగలు. వాటిని కొని, తుడిచి, నూనె పోసి, ఫొటోలు తీసి ఫోనులో పెడితే బెంగళూరు నుంచీ పుణె నుంచీ కొచ్చిన్ నుంచీ అడిగేవాళ్లు. కొందరు కుట్టుకోవడానికి, ఎక్కువమంది హోటల్లోనో బట్టల షాపు అద్దం వెనకో అందానికి పెట్టుకోవడానికి. కొనడం వచ్చింది, అమ్మడం వచ్చింది. పంపడమే రాలేదు. నేను కట్టిన పెట్టెల్లో సగం విరిగి చేరేవి. ఎవరైనా ఫొటో పంపారంటే దాన్ని తెరవడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఆమె మొదటిసారి వచ్చింది ఒక ఎండాకాలం ఉదయం. నలభై దాటిన మనిషి. పొడుగు, ఎముకలు తేలిన భుజాలు. నెత్తి మీద పాత చీరలో కట్టిన మూట. మూట విప్పితే ఒక చేతి మిషన్. దాని చెయ్యి మధ్యకు విరిగి రెండు ముక్కలైంది.

“ఇది అతుకుతావాప్పా?”

“బీడు ఇనుమక్కా. అతకదు. ఎట్ల విరిగింది?”

“మిద్దె మీంచి పడింది.”

“ఎవరు పడేసినారు?”

“పడింది అంటి. పడేసినారనలే,” అని మూట కట్టేసుకుంది. కట్టుకుంటూ నా బల్ల వైపు చూసింది. నేను అప్పుడు పుణెకు ఒక మిషన్ సర్దుతున్నాను. అట్టపెట్టెలో చెక్కపీటతో సహా మిషన్ పెట్టి, చుట్టూ కాగితం ఉండలు కూరి, టేపు వేసి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘జాగ్రత్త, గాజు’ అని రాశాను.

“ఇది యాడికి పోతాది?”

“పుణెకు.”

“ఇట్లనే?”

“ఇట్లనే.”

ఆమె వంగి, పెట్టెను రెండు చేతులా నడుమెత్తుకు లేపింది. బరువు చూస్తోంది కాబోలు అనుకున్నాను. చేతులు రెండూ ఒక్కసారిగా వదిలేసింది.

లోపల ఏదో ఫటేల్మంది. టేపు కోసి చూస్తే చెక్కపీట రెండుగా చీలి ఉంది. మిషన్ మడతబందుల దగ్గర ఊడి పక్కకు ఒరిగింది. చక్రం వంకరపోయింది. నేను వెర్రెత్తినట్టు అరిచాను. అరుస్తూ చెయ్యి లేపాను కూడా. ఆమె వెనక్కు తగ్గలేదు, తల తిప్పుకోలేదు. గాల్లో ఉన్న నా చేతిని చూసి అంది:

“కొట్టేదుంటే బిర్న కొట్టు. నాకు పనుంది.”

నా చెయ్యి దానంతటదే దిగిపోయింది.

“నడుమెత్తు నుంచి ఇడిస్తేనే ఇట్లయింది. లారీవాడు నెత్తి మీంచి ఏస్తాడు. గాజని రాస్తే సదివి ముద్దు పెట్టుకుంటాడనుకున్యావా?”

మరుసటి రోజు నేనే పత్తి మార్కెట్టు వెనక పాత మిద్దెల్లో వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోయి, పనికి రమ్మని అడిగాను.

ఆమె పని చేస్తుంటే చూడాలి. ముందు సూది తీసేది. బాబిన్ తీసేది. నాలుగు మడతల గుడ్డ పెట్టి దాని మీదికి మిషన్ పాదం దించేది. చేతిపిడీ చక్రమూ విప్పి వేరే చుట్టేది. “బైటికి పొడుసుకోని ఉండేదే మొదలు ఇరిగేది,” అనేది. తర్వాత మిషన్‌ను చెక్కపీట నుంచి విడదీసేది. పీట ఒక పెట్టెలో, మిషన్ ఒక పెట్టెలో. రెండూ కలిపి ఒకే పెట్టెలో పంపుదామని ఒకసారి నేనంటే, “ఇద్దర్నీ ఒక గదిలో ఏసి తాళం పెట్టినట్ల. ఒకటి రెండోదాన్ని సంపుతాది,” అంది. తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, మా ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో మూటలుగా దొరికే చిక్కు నూలును మిషన్ చంకలో, మెడ కింద, అడుగున కూరేది. వేళ్లతో కూరితే చాలదు. అందుకు తుమ్మకొయ్యతో ఒక సుత్తి చేయించుకుంది. దాంతో నూలును దట్టించి దట్టించి, పిడికిలి దిగనంత గట్టిగా చేసేది. పైన ప్లైవుడ్ పెట్టె. మేకులు కొట్టనిచ్చేది కాదు, స్క్రూలే. ఆ స్క్రూలన్నీ నోట్లో పెట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడేది.

అంతా అయ్యాక పెట్టెను ఎత్తి పడేసేది. ఒకసారి అడుగు మీదికి, ఒకసారి పక్కకు, ఒకసారి మూల మీదికి. ఒక్కో దెబ్బకు ఒక్కో తిట్టు. “నీ చేతులు పడిపోను”, “నీ కాళ్లిరగ”. తర్వాత ఒక తన్ను. ఆపైన మోకాళ్ల మీద కూర్చుని, చెవి పెట్టెకు ఆనించి, రెండు చేతులతో ఊపేది. లోపల రవ్వంత చప్పుడైనా మళ్లీ స్క్రూలన్నీ విప్పడమే. చప్పుడు లేకపోతే, “సాకు,” అనేది. ఆమె పుట్టింది కౌతాళం పక్క పల్లెలో. చాలు అనడానికి అటువైపు వాళ్లు అనే కన్నడ మాట అది. ఆమె నోట వచ్చే మెత్తటి మాట అదొక్కటే.

ఆమె కట్టిన పెట్టెల్లో ఒక్కటీ విరగలేదు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, పని ఆపకుండా, నోట్లో స్క్రూలతోనే చెప్పింది.

“ఇంట్లో నేర్సుకుంటి. మా యమ్మ ఇచ్చిన మిషను. ఆయప్పకు కోపం వస్తే ఫస్టు దాన్నే పట్టుకుంటాడు. ఒగసారి బల్ల మీంచి తోసినాడు. పిడి పోయ. ఇంగొగసారి ఈదిలోకి ఏసినాడు. సక్రం పోయ. అప్పుట్నించి రోజూ కుట్టేది అయినంక బొంతలో సుట్టి, సుట్టూ పాతగుడ్డలు కూరి, జొన్నల మూట ఎనక పెడ్తాంటి. అది గూడా దొరికిచ్చుకోని మెట్ల మీంచి తన్నినాడు. దొర్లుకుంటా పోయ. ఇప్పి సూస్తే ఏం గాల్యా! అప్పుడు తెలిసె నాకు, ఎట్ల సుట్టల్లనో.”

“మరి మొన్న ఎట్ల విరిగింది?”

“కుట్టుకుంటా ఉన్న్యా. సుట్టేకి టైం ఇయ్యల్యా.”

ఆమె మొగుడు మార్కెట్టులో పత్తి బేళ్లు మోసే హమాలీ. ఎద్దు మెడలాంటి మెడ. సందు చివర టీ అంగడి దగ్గర అప్పుడప్పుడు కనిపించేవాడు. నన్ను చూస్తే ఉమ్మేసేవాడు.

ఆమె కూడా సాధువు కాదు. ఒకసారి లారీ ఆఫీసులో ఒక హమాలీ, ఆమె పోయిన కబురు నాకు చెప్పినవాడే, బేళ్లు లాగే ఇనుప కొక్కెంతో మా పెట్టెను పొడిచి లాగాడు. ప్లైవుడ్‌లో రంధ్రం పడింది. ఆమె వాడి చేతిలోంచి కొక్కెం పెరికి, వాడి చొక్కా కాలరుకు తగిలించి ముందుకు లాగింది. వాడు బోర్లాపడ్డాడు. పెదవి చిట్లింది. వాడి వీపు మీద కాలుపెట్టి, “ఎట్లుంది?” అంది. చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. వాడు లేచి కొడతాడనుకున్నాను. లేచి, ఆమె తన చెవి పట్టి మెలిపెడుతుంటే వదిలేదాకా తలవంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత మా పెట్టెలంటే వాళ్లంతా పక్కవాళ్ల పెట్టెల కంటే నెమ్మదిగానే దించేవాళ్లు.

అదే మనిషి కొన్ని రోజులు ముఖం వాచి వచ్చేది. ఒక కన్ను మూసుకుపోయి, దవడ మీద నల్లటి మచ్చలతో. నేను అడిగేవాణ్ణి కాదు. అడగకపోవడం మర్యాద అనుకునేవాణ్ణి. ఒక రోజు ఎడమ చేతి రెండు వేళ్లకు థర్మాకోల్ ముక్కలు పెట్టి, చిక్కు నూలుతో తానే కట్టుకుని వచ్చింది. పెట్టెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కుడి చేత్తో స్క్రూలు తిప్పుతోంది.

“ఆస్పత్రికి పోదామా అక్కా?”

“పని సెప్పు.”

నేను పని చెప్పాను. ఆ వేళ్లు మళ్లీ వంగలేదు.

ఆమె మొగుడు మా గోడౌనుకు వచ్చింది ఒకే ఒక్కసారి. మిట్టమధ్యాహ్నం. నేను లోపలి వైపు నిలబడి, కాలితో తొక్కే మిషన్ల ఇనుప స్టాండ్లు ఫొటో తీసుకుంటున్నాను. ఆమె గుమ్మం దగ్గర బల్ల ముందు, మైసూరుకు పోవలసిన మిషన్‌కు నూనె గుడ్డ పెడుతోంది. అతను భుజాన కొక్కెం వేలాడేసుకుని లోపలికి వచ్చాడు. లారీ ఆఫీసులో ఎవరో ఏదో అన్నారట, ఆమె గురించీ నా గురించీ.

“యాడున్నాడే వాడు?”

“ఎవుడు?”

అంతే. అరచేత్తో ముఖం మీద కొట్టాడు. నోట్లోని స్క్రూలు నేల మీద చెల్లాచెదురయ్యాయి, నెత్తుటితో. ఆమె వాటివైపు వంగబోతే జుట్టు పట్టుకుని లేపి, నుదురును బల్ల అంచుకు కొట్టాడు. రెండుసార్లు. మొదటిసారి బల్ల చప్పుడు వినిపించింది. రెండోసారి ఆమె గొంతులోంచి గాలి బయటికి వచ్చిన చప్పుడు వినిపించింది.

నేను వాళ్లకు ఏడెనిమిది అడుగుల దూరంలో ఉన్నాను. మధ్యలో ఇనుప స్టాండ్లు తప్ప ఏమీ లేవు. చేతికి అందే దూరంలో ఇనుప కడ్డీ కూడా ఉంది. ఆమె తల అతని పిడికిట్లో పక్కకు తిరిగినప్పుడు నన్ను చూసింది. నెత్తురు కారుతున్న కనుబొమ్మ కింద నుంచి నేరుగా నా కళ్లలోకి చూసింది. పిలవలేదు. నేను ఒక అడుగు వెనక్కు వేశాను. తర్వాత ఇంకొకటి. స్టాండ్ల వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి అంతా కనిపిస్తూనే ఉంది.

అతను ఆమెను కిందికి తోసి, బల్ల మీది మిషన్‌ను రెండు చేతులతో ఎత్తాడు. పదిహేను కిలోల ఇనుము. తలపైకి ఎత్తాడు. ఆమె కింద వెల్లకిలా పడి ఉంది. ఆమె చేతికి అప్పుడు తుమ్మకొయ్య సుత్తి తగిలింది. అతను మిషన్‌ను కిందికి తెస్తుండగా పడుకున్న చోటి నుంచే సగం లేచి కొట్టింది. తలకు కాదు. కుడి మణికట్టుకు. ఎండిన కట్టె విరిచినట్టు చప్పుడైంది. మిషన్ అతని చేతుల్లోంచి జారి నూలు మూటల మీద పడింది. అతను మోకాళ్ల మీద కూలబడి, పశువులా అరవసాగాడు.

ఆమె లేచి నిలబడింది. సుత్తి మళ్లీ పైకెత్తింది. ఈసారి తలకు సూటిగా. అతను అరవడం ఆపాడు. ఆమె చెయ్యి పైనే ఆగింది. నుదుటి మీది నెత్తురు కంట్లోకి దిగుతుంటే భుజంతో తుడుచుకుంది. ఎంతసేపు అట్లా నిలబడిందో చెప్పలేను. దించితే అతను చచ్చేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

“సాకు,” అని సుత్తి బల్ల మీద పెట్టింది.

తర్వాత ఆమె చేసిన పని ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. అతని ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. వేలాడుతున్న ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. రెండు ప్లైవుడ్ పలకలు, మధ్యలో మెత్తటి నూలు, మణికట్టు కింద ఒక మడత, బొటనవేలి పక్కన ఒక మడత. అతను నొప్పికి తన్నుకుంటుంటే మోకాలితో తొక్కిపెట్టి, నూలు పురితో చుట్లు వేసింది. కట్టిన తర్వాత పట్టుకుని కొద్దిగా కదిపి చూసింది. కదల్లేదు.

“ఇంగ పో. ఆస్పత్రికి పొయ్యేదాంకా ఇది సెదరదు.” అప్పుడు నా వైపు తలతిప్పకుండానే అంది: “ఆటో పిలుసు.”

నేను స్టాండ్ల వెనక నుంచి బయటికి వచ్చి ఆటో పిలిచాను.

సాయంత్రం పోలీస్ స్టేషన్‌కు రమ్మని కబురు వచ్చింది. అతని తమ్ముడు ఫిర్యాదు ఇచ్చాడు, అన్నం అడిగిన మొగుడి చెయ్యి ఊరికే విరగ్గొట్టిందని. బయట పదిమంది హమాలీలు నిలబడి ఉన్నారు. అందులో పెద్దవాడు నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు పెంచకుండా అన్నాడు:

“అప్పా, నువ్వు ఆడ ల్యావు గదా? రేపు లారీకి మళ్లా పెట్టెలు ఎయ్యల్ల నువ్వు. ఇంటికాడ పెండ్లాం పిల్లోల్లు ఉన్నారు.”

లోపల ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. నుదుటికి కుట్లు వేసి గుడ్డ కట్టారు. బల్లకు తగిలి తానే పడిందని అవతలివాళ్లు రాయించారు. ఎస్సై నన్ను అడిగాడు, ముందు ఎవరు కొట్టారని.

“నేను లోపల ఫోన్లో ఉంటి సార్. చూడలేదు.”

ఆమె తల ఎత్తింది. ఏమైనా అంటుందనుకున్నాను. అబద్ధం అంటుందనుకున్నాను. మళ్లీ తల దించుకుని, తన వంగని రెండు వేళ్లను రెండో చేత్తో పట్టుకుంది. చూసినవాళ్లు లేరు గనక వాళ్లు చెప్పిందే కాగితం మీదికి ఎక్కింది. పదకొండు రోజులు ఆమె జైల్లో ఉంది.

బెయిలు మీద వచ్చిన రోజు నేరుగా గోడౌనుకే వచ్చింది. మైసూరు మిషన్ బల్ల మీద అట్లాగే ఉంది. నాకు చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. కూర్చుని పాదం దించింది, చక్రం విప్పింది, నూలు కూరింది, స్క్రూలు బిగించింది. ఎత్తి పడేసింది. ఆ రోజు తిట్లు లేవు. ఒక్కో దెబ్బకు నేల అదురుతుంటే నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ పెట్టె బదులు నన్ను తిడితే బాగుండుననిపించింది. చివరికి నేనే నోరు తెరిచాను.

“అక్కా, ఆ రోజు నేను…”

“స్క్రూలు తక్కవుండాయి. తెప్పిచ్చుకో,” అంది. “రేపట్నించి నేను రాను.”

ఎమ్మిగనూరులో హాస్టల్లో ఉండి చదువుతున్న కూతురి దగ్గరికి వెళ్లి, అక్కడే ఒక గది తీసుకుంది. టైలరింగు చేసుకుంటూ, లారీ ఆఫీసులకు పెట్టెలు కట్టిస్తూ బతికింది. వాయిదా ఉన్నప్పుడల్లా ఆదోనికి వచ్చేది. కోర్టు మెట్ల మీద ఒకసారి ఎదురుపడితే, “బాగుండావాప్పా?” అని అడిగింది. నేను లోపలికి వెళ్లి బోను ఎక్కి, మళ్లీ అదే మాట చెప్పాను. చూడలేదని. నాలుగేళ్లకు పెద్దమనుషులు రాజీ చేశారు. విరిగిన ఎముక వంకర లేకుండా అతుక్కుందనీ, కట్టు కట్టినవాళ్లెవరో బాగా కట్టారనీ ఆస్పత్రి డాక్టరు అంతకుముందే కోర్టులో చెప్పాడు. కట్టింది ఎవరో ఎవరూ అడగలేదు. అతను మళ్లీ బేళ్లు మోశాడు.

హమాలీ కబురు చెప్పిన రోజే నేను ఎమ్మిగనూరు బస్సెక్కాను. నేను చేరేసరికి ప్రార్థన అయిపోయింది. సమాధుల తోటలో మట్టి వేస్తున్నారు. తర్వాత ఇంటి ముందు షామియానా కింద అందరూ కూర్చున్నారు. అతనూ వచ్చాడు. జుట్టు నెరిసింది, మెడ అట్లాగే ఉంది. పక్కవాళ్లకు కుడి చెయ్యి చూపిస్తున్నాడు.

“ఒళ్లలిసి వచ్చి అన్నం బెట్టు అంటి. ఇదిగో, ఇట్ల ఇరగ్గొట్టె. అయినా గాని మట్టెయ్యను నేనే వచ్చినా సూడు.”

ఆమె కూతురికి ఇప్పుడు ఇరవై రెండేళ్లుంటాయి. తల్లి పొడుగు. అందరికీ నీళ్లు ఇస్తోంది. తండ్రి మాట విని ఆగింది. చెంబు కింద పెట్టి, అందరి మధ్యలో నిలబడి నన్ను అడిగింది.

“మామా, ఆ దినం నువ్వు ఆడుంటివి గదా. ఎవురు ముందు కొట్రి?”

అతను నన్ను చూశాడు. గోడౌనులో నాకు లేని ధైర్యం అప్పుడు వచ్చిందని చెప్పను. కానీ వెనక్కు జరగడానికి స్టాండ్లు లేవు.

“మీ నాయన,” అన్నాను. “నోటి మీద కొట్టినాడు. జుట్టు పట్టి నుదురు బల్లకు కొట్టినాడు, రెండుసార్లు. కిందపడిన మనిషి మీద వెయ్యడానికి మిషన్ ఎత్తినాడు. అప్పుడు కొట్టింది మీ అమ్మ. నేను చూసినాను. స్టేషన్లో, కోర్టులో చూడలేదని చెప్పింది అబద్ధం.”

అతను లేచి వస్తుంటే చూస్తూనే ఉన్నాను. ఆ కుడి చేత్తోనే కొట్టాడు. కుర్చీతో సహా పడ్డాను. పంటి కింద పెదవి తెగింది. లేచి, మళ్లీ అదే మాట మొదటినుంచీ చెప్పాను. ఈసారి ఎడమ చేత్తో కాలరు పట్టుకున్నాడు. చర్చి పెద్దలు ఇద్దరు వచ్చి అతన్ని లాగేశారు. వీధి మలుపు దాకా తిట్లు వినిపించాయి.

ఆ పిల్ల నన్ను లోపలికి తీసుకుపోయి పీట వేసింది. నోరు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది. నేను పుక్కిలించి ఉమ్ముతుంటే పక్కనే నిలబడి చూసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఏదో లెక్క కుదరనట్టు నెమ్మదిగా అడిగింది.

“మా యమ్మ నాకు ఏరే మాదిరి సెప్పింది మామా. శానాసార్లు అడిగింటి, మామ యాటికి సాక్షి సెప్పలేదని. ‘ఆయప్ప లోపలుండె, సూడలేదు. సూసింటే సెప్పకుండ ఉండే మనిషి గాదు’ అనేది. మా యమ్మకు తెలీదా, నువ్వు సూసినావని?”

గ్లాసు కింద పెట్టాను.

“తెలుసు తల్లీ,” అన్నాను. “నన్ను చూసింది.”